మెలికపడే నూలు: పురి ఎంతుందన్నది కాదు, ఎంత మిగిలిందన్నది చూడాలి

తమ్ముడూ, ఇప్పుడే చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. గట్టుప్పల్‌లో మీ ఇంటి మగ్గాల మీద దుపట్టాలు నేస్తున్నారు. పడుగు (నిలువు పోగులు) 2/80 డబుల్ నూలు, అంటే 80 నంబరు పోగులు రెండు కలిపి పురి పెట్టింది. పేక (అడ్డు పోగులు) 40 నంబరు సింగిల్, అంటే ఒంటి పోగు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఈసారి తెచ్చిన కొత్త లాటుతో మూడు ఇబ్బందులు వచ్చాయి. నాడె (పేకను అడ్డంగా తీసుకెళ్లే పనిముట్టు) మగ్గం పక్కనున్న పెట్టెలోకి వెళ్లి ఆగినప్పుడల్లా పేక వదులై మెలిక పడుతోంది, ఆ మెలిక చిన్న ఉంగరంలా బట్టలో కూర్చుంటోంది. చిటికి (రంగు వేసే ముందు డిజైన్ ప్రకారం పోగులకు కట్లు వేసే పని) కట్టడానికని డబుల్ నూలును తడిపితే చిలప (నూలు చుట్ట) అంతా సుళ్లు తిరిగి ముడుచుకుపోతోంది. నేసిన దుపట్టాను ఉతికి ఆరేస్తే మూలలు చుట్టుకుంటున్నాయి. నూలు అమ్మినాయన "పురి ఎక్కువ పెట్టించిన సరుకు, అందుకే బలం ఎక్కువ, మెలిక మామూలే" అన్నారు. ఆ మాట నిజమేనా, ఈ నూలును ఎలాగైనా వాడుకోవచ్చా అని అడిగారు.

ఆ మాటలో సగమే నిజం. మీ మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే. పోగులో టార్క్ మిగిలిపోయింది. టార్క్ అంటే పోగు తన పురిని తానే విప్పుకోవాలని చూసే తిప్పుడు బలం. పురి ఎక్కువున్నా టార్క్ దాదాపు లేని నూలు ఉంటుంది, పురి తక్కువున్నా ఊరుకోని నూలూ ఉంటుంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, నష్టం అక్కడే మొదలవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు బలం సంగతి. మన నల్లగొండ పత్తి పింజ పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. ఇంత పొట్టి పింజలతో వేల మీటర్ల పోగు తయారవుతోందంటే వాటిని పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. పురి పెడితే పింజలు పోగు చుట్టూ ఏటవాలుగా చుట్టుకుంటాయి. అలాంటి పోగును లాగితే బయటి పింజలు లోపలి వాటిని నొక్కుతాయి. ఎంత లాగితే అంత బిగుస్తాయి. పురి పెంచేకొద్దీ బలం పెరగడానికి కారణం ఇదే. కానీ ఒక హద్దు ఉంది. పింజ వాలు మరీ ఎక్కువైతే అది మోసే బరువులో పోగు పొడవునా పనికొచ్చే భాగం తగ్గిపోతుంది. అక్కడి నుంచి ఇంకా పురి పెడితే పోగు గట్టిగా, పెళుసుగా అవుతుంది, తెగే బరువు మాత్రం తగ్గుతుంది. కాబట్టి "పురి ఎక్కువైతే బలం ఎక్కువ" అన్న మాట ఆ హద్దు వరకే చెల్లుతుంది.

ఆ హద్దును మిల్లువాళ్లు ఒక గుణకంతో చూస్తారు. నూలు నంబరుకు వర్గమూలం తీసి, ఆ గుణకంతో హెచ్చిస్తే అంగుళానికి ఎన్ని పురులో వస్తుంది. పడుగు నూలుకు ఈ గుణకం 4 నుంచి 4.5 దాకా, పేకకు కొంచెం తక్కువ, హోజరీ (బనియన్లు అల్లే) నూలుకు ఇంకా తక్కువ. 80 నంబరుకు వర్గమూలం దాదాపు 8.94. గుణకం 4 అనుకుంటే అంగుళానికి 36 పురులు. 20 నంబరుకు అదే గుణకంతో 18 పురులే. 36 ఉన్న నూలు ఎక్కువ బిగువుగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి రెండింటిలోనూ బయటి పింజ వాలు ఒకటే, సుమారు 24 డిగ్రీలు. ఎందుకంటే 80 నంబరు పోగు మందం పదో వంతు మిల్లీమీటరు, 20 నంబరు దానికి రెట్టింపు లావు. లావుపాటి పోగు చుట్టూ ఒక చుట్టు తిరగాలంటే పొడవు కూడా ఎక్కువే కావాలి. వర్గమూలం లెక్క ఈ వాలును కాపాడడానికే. అందుకే ఎవరైనా "అంగుళానికి 30 పురి పెట్టాం" అని చెప్తే, ఏ నంబరుకు అని అడగనిదే ఆ మాటకు అర్థం లేదు.

ఇక టార్క్. నిటారుగా ఉన్న పింజను తెచ్చి చుట్టుగా వంచాం, దాన్ని దాని చుట్టూ అదే తిరిగేలా మెలితిప్పాం, పైగా వడికేటప్పుడు లాగి పట్టాం. వంపు, మెలిక, లాగుడు, ఈ మూడింటి నుంచీ తప్పించుకుని పాత రూపానికి పోవాలని ప్రతి పింజా చూస్తుంది. ఒక్క పింజ బలం ఎంతో కాదు గానీ, 40 నంబరు సింగిల్‌లో ఏ చోట కోసి చూసినా వంద దాకా పింజలు ఉంటాయి. అవన్నీ ఒకే వైపు తిప్పుతాయి. ఇందులో పింజ మందానిదే పెద్ద పాత్ర. గుండ్రటి పోచ మెలిపడకుండా ఆపే బిరుసు దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం రెట్టింపైతే బిరుసు పదహారింతలు. ముదురు, లావు పింజతో వడికిన నూలు అదే నంబరు, అదే పురి ఉన్న సన్న పింజ నూలు కన్నా ఎక్కువ మెలికలు పడటం మీరూ చూసే ఉంటారు. కారణం ఇదే.

పోగును రెండు చివరలా గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపు దానిలోని మొత్తం చుట్ల సంఖ్య మారదు. దగ్గరగా జరిపి వదులిస్తే పురిలో కొంత బయటికి వచ్చి ఉంగరంగా మారుతుంది. పోగులోని పురి, ఉంగరాలుగా తేలిన చుట్లు కలిపితే మొత్తం ఎప్పుడూ అంతే ఉంటుంది. కలుగరేను, వైట్, ఫుల్లర్ అనే గణితవేత్తలు దీన్ని సూత్రంగా నిలబెట్టారు. డీఎన్‌ఏ పోగు సుళ్లు తిరిగే తీరును కూడా జీవశాస్త్రవేత్తలు ఇదే లెక్కతో చూస్తారు. మగ్గం దగ్గర మనకు కావలసింది దీని పక్కనే ఉన్న ఇంకో లెక్క. పోగు మెలికపడకుండా నిటారుగా నిలవాలంటే కొంత టెన్షన్ ఉండాలి, ఆ టెన్షన్ టార్క్‌కు వర్గంలో పెరుగుతుంది. టార్క్ రెట్టింపైతే టెన్షన్ నాలుగింతలు కావాలి. పాత లాటుకు సరిపోయిన నాడె బిగువు కొత్త లాటుకు అసలు చాలకపోవడం అందుకే. టార్క్ కొంచెమే పెరిగింది, కావలసిన బిగువు మాత్రం చాలా పెరిగింది.

మీ మొదటి ఇబ్బంది ఇక్కడే తేలుతుంది. నాడె పెట్టెలోకి వెళ్లి కొట్టుకుని రవ్వంత వెనక్కి వస్తుంది. ఆ క్షణంలో పేకకు టెన్షన్ ఉండదు. టార్క్ ఉన్న పోగుకు ఆ క్షణం చాలు. అంచు దగ్గరే మెలికలు ఎక్కువగా కనిపిస్తున్నాయా, చూడండి. అలాగైతే అనుమానం అక్కర్లేదు. నాడె కంటి లోపల చిన్న ఉన్ని గుడ్డ ముక్కో, మెత్తటి బొచ్చు ముక్కో అతికిస్తే పోగు వెనక్కి జారదు, వదులు కాదు. నాడె వెనక్కి తన్నకుండా పెట్టె బిగువు కూడా సరిచూసుకోండి. ఈ రెండూ వెంటనే చేయగలిగినవి.

కండె (పేక పోగు చుట్టి నాడెలో పెట్టేది) గురించి ఒక మాట చెప్పాలి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కండె పుల్ల మీద తిరుగుతూ పోగు పక్క నుంచి ఊడి వస్తే పురి మారదు. కండె కదలకుండా ఉండి, పోగు కొస మీదుగా ఊడి వస్తే ఊడిన ప్రతి చుట్టుకూ ఒక పురి చేరుతుంది లేదా పోతుంది. చేరడమా పోవడమా అన్నది కండెను రాట్నం మీద ఏ వైపు తిప్పి చుట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. నిండు కండె వ్యాసం రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే అంగుళానికి 0.3 పురి మారుతుంది. చివరికి వచ్చి 8 మిల్లీమీటర్ల పుల్ల కనిపించే వేళకు అంగుళానికి ఒక పురి. అంటే ఒకే కండెలో మొదటికీ చివరికీ దాదాపు 0.7 పురి తేడా. 40 నంబరు సింగిల్‌లో అంగుళానికి 25 పురి ఉందనుకుంటే, ఈ తేడాకు పోగు పొడవు మారేది కాగితం మీద 0.3 శాతం లోపే. అయినా 48 అంగుళాల పన్నాలో అది మూడు మిల్లీమీటర్లు. మామూలు బట్టకు ఇది లెక్కలోకి రాదు. పేకలో చిటికి డిజైన్ ఉంటే మాత్రం పువ్వు గీత జరగడానికి మూడు మిల్లీమీటర్లు చాలు. అంచు దగ్గర పోగును కాస్త లాగి సరిచేసుకునే అలవాటు మన పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లందరికీ ఉంది, ఆ సర్దుబాటులో కొంత ఈ తేడాకే పోతుంది. ఆసు పోసేటప్పుడు (చిటికి కట్టడానికి పోగును మేకుల చుట్టూ అమర్చేటప్పుడు) కూడా అంతే. చేత్తో పోసినా, చింతకింది మల్లేశం గారు 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం మీద పోసినా, పోగు ఊడి వచ్చే తీరు, టెన్షన్ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి.

మీ నూలు మెలికపడే గుణాన్ని కూడా కండెతో కొంత తగ్గించవచ్చు. ఒక కండెను మామూలుగా, ఇంకోదాన్ని రాట్నం ఎదురు వైపు తిప్పి చుట్టి, రెండూ నేసి చూడండి. ఒకదానిలో మెలికలు తగ్గుతాయి, ఒకదానిలో పెరుగుతాయి. తగ్గిన వైపే ఇక మీదట చుట్టండి. ఖర్చు లేని పని.

ఇప్పుడు డబుల్ నూలు. అసలు సమస్య ఇందులోనే ఉందని నా అంచనా.

పురికి రెండు దిక్కులు. పోగును నిలువుగా పట్టుకుంటే గీతలు పై ఎడమ నుంచి కింది కుడికి వాలితే ఎస్ పురి, పై కుడి నుంచి కింది ఎడమకు వాలితే జెడ్ పురి. మిల్లు సింగిల్ నూలు దాదాపు అంతా జెడ్. రెండు జెడ్ సింగిల్స్‌ను కలిపి ఎస్ వైపు పురి పెడితే డబుల్ నూలు తయారవుతుంది. ఎదురు వైపు తిప్పుతున్నాం కాబట్టి పై పురి ఎక్కేకొద్దీ లోపలి సింగిల్స్‌లో పురి తగ్గుతూ వస్తుంది. లోపల మిగిలిన జెడ్ పోగును ఒక వైపు తిప్పాలని చూస్తుంది, పైన ఎక్కిన ఎస్ ఇంకో వైపు తిప్పాలని చూస్తుంది. ఒక చోట ఈ రెండూ సరిసమానం అవుతాయి. అక్కడ నూలుకు టార్క్ ఉండదు, వదులుగా వదిలినా అలాగే పడి ఉంటుంది. ఆ చోటు సింగిల్ పురిలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. సింగిల్ 36 జెడ్ అయితే పై పురి 24 ఎస్‌కు అటూఇటూ. ఇలా సరితూగిన డబుల్ నూలులో పైకి కనిపించే పింజలు పోగు పొడవుకు దాదాపు సమాంతరంగా పడుకుంటాయి. మెర్సరైజ్ చేసిన (కాస్టిక్ సోడాతో మెరుపు తెప్పించిన) మంచి 2/80లో మెరుపు, మెత్తదనం రావడానికి ఇదొక పెద్ద కారణం.

పై పురి 24 పెట్టాల్సిన చోట 30 పెట్టారనుకోండి. బలం పెద్దగా పెరగదు. టార్క్ మాత్రం ఎస్ వైపు మొగ్గుతుంది, అంటే విప్పుకోవాలని చూసేది ఎస్ పురి. 18 దగ్గరే ఆపేశారనుకోండి. అప్పుడు జెడ్ వైపు మొగ్గుతుంది. రెండు రకాల నూలూ మెలికపడతాయి, మందు మాత్రం వేరు. అందుకే "మెలిక పడుతోంది, పురి తగ్గించండి" అని డబ్లింగ్ యూనిట్‌కు (సింగిల్స్‌ను కలిపి పురి పెట్టేవాళ్లకు) చెప్పేస్తే ఒక్కోసారి ఇంకా చెడిపోతుంది.

ఏ వైపు మొగ్గిందో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. కోన్ నుంచి, కొస మీదుగా కాకుండా కోన్‌ను దొర్లిస్తూ, ఒక మీటరు పోగు తీయండి. రెండు చివరలను పట్టుకుని బిగువుగా చాచండి. మధ్యలో ఒక చిన్న పిన్నీసు తగిలించి, చివరలు రెండింటినీ మెల్లగా దగ్గరికి తెండి. పిన్నీసు వేలాడుతూ తిరుగుతుంది, దానికి అటూఇటూ ఉన్న పోగు రెండు కాళ్లూ ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. తిరగడం ఆగాక ఆ చుట్లు లెక్కపెట్టండి. ఒకటి రెండు చుట్లయితే మంచి నూలు. పది పదిహేను దాటితే మగ్గం మీద ఏడిపిస్తుంది. తర్వాత ఆ చుట్టుకున్న దిక్కు చూడండి. కాళ్లు ఎస్ వైపు చుట్టుకుంటే లోపలి జెడ్ ఎక్కువ మిగిలిందని, పై పురి ఇంకా కావాలని అర్థం. జెడ్ వైపు చుట్టుకుంటే పై పురి ఎక్కువైందని అర్థం. ఒక్క ముక్కతో తేల్చకండి, నాలుగైదు కోన్‌ల నుంచి తీసి చూడండి.

ఇదే పరీక్షను పిన్నీసుతో సహా గిన్నెడు నీళ్లలో ముంచి మళ్లీ చేయాలి. చాలామంది ఇది చేయరు, చిలప రంగులో ముడుచుకున్నాక తల పట్టుకుంటారు. కోన్ మీద నెలల తరబడి బిగువుగా ఉన్న నూలులో పింజలు ఆ వంపుకు కొంత అలవాటు పడతాయి. పొడిగా పరీక్షిస్తే చుట్లు తక్కువ వస్తాయి, నూలు బాగున్నట్టే అనిపిస్తుంది. పత్తిలోని అణుగొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఆ వంపును పట్టి ఉంచుతాయి. నీళ్లు తగలగానే ఆ బంధాలు విడిపోతాయి, దాగి ఉన్న టార్క్ అంతా ఒక్కసారి బయటికి వస్తుంది. మీ రెండో ఇబ్బంది ఇదే. పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉన్న చిలప తొట్టిలో సుళ్లు తిరిగిందంటే నూలు నీళ్లలో చెడిపోయిందని కాదు, దాని అసలు గుణం అప్పుడు బయటపడిందని. చిటికి పనిలో దీని నష్టం రెండింతలు. సుడి తిరిగిన చోట రబ్బరు కట్టు కింద పోగులు ఎగుడుదిగుడు అవుతాయి, రంగునీరు సందుల్లోకి పాకుతుంది.

నీళ్లు చేసే పని ఇంకోటి ఉంది. పత్తి తడిస్తే పింజ పొడవు పెద్దగా మారదు గానీ మందం బాగా పెరుగుతుంది. లావెక్కిన పోగు చుట్టూ పింజ తిరగాలంటే ఎక్కువ పొడవు కావాలి. పింజ సాగదు కాబట్టి పోగే పొట్టిదవుతుంది. నులక మంచం వానలో తడిస్తే నులక బిగుసుకునేది ఇందుకే. పురి ఎక్కువున్న నూలు ఎక్కువ కుదించుకుంటుంది. గద్వాల చీర నేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒంటి నూలులో పురి ఎక్కువైతే మొదటి ఉతుకులో ఒళ్లు కుదించుకుంటుంది, పట్టు అంచు అంతగా కుదించుకోదు, అంచు అలలు అలలుగా లేస్తుంది. చీర కొన్నవాళ్లు నేతలో లోపం అనుకుంటారు. నేతగాడి చేయి ఎంత మంచిదైనా నూలు ఎంపిక దగ్గర జారితే ఆ మాట పడాల్సిందే, నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం అది.

మూలలు చుట్టుకోవడం ఎందుకో చూద్దాం. ఒక కాగితం తీసుకుని ఎదురెదురు మూలలు రెండు పైకి, మిగతా రెండు కిందికి వంచండి. ఇప్పుడు నిలువు వైపు నుంచి చూస్తే కాగితం ఒక వైపు మెలిపడి ఉంటుంది, అడ్డం వైపు నుంచి చూస్తే దానికి ఎదురు వైపు. అంటే బట్ట అలా వంగాలంటే పడుగు ఒక దిక్కుకు, పేక ఎదురు దిక్కుకు మెలితిరగాలి. పడుగు, పేకల టార్క్ రెండూ ఒకే దిక్కుదైతే ఒకదాని ప్రయత్నాన్ని ఇంకోటి ఆపుతుంది, బట్ట చదునుగా ఉంటుంది. ఎదురు దిక్కులదైతే రెండూ కలిసి మూలలను ఎత్తేస్తాయి. మీ పేక జెడ్ సింగిల్, దాని టార్క్ జెడ్‌దే. మూలలు అంతగా చుట్టుకుంటున్నాయంటే పడుగు టార్క్ ఎస్ వైపు మొగ్గి ఉండాలి. పై పురి ఎక్కువైన డబుల్ అని నేను అనుకోవడానికి ఆధారం ఇది. అమ్మినాయన "ఎక్కువ పెట్టించాం" అన్న మాట కూడా దానితో సరిపోతోంది. తడిపి చేసిన పిన్నీసు పరీక్షలో కాళ్లు జెడ్ వైపు చుట్టుకుంటే అంచనా నిజమైనట్టే.

దిక్కుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో విషయం. పడుగు, పేక ఒకే దిక్కు పురివైతే అవి ఒకదాని మీద ఒకటి కూర్చునే చోట పింజల వాలు దగ్గరగా కలుస్తుంది, పోగులు ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి, బట్ట పలచగా, దిట్టంగా వస్తుంది. ఎదురు దిక్కులవైతే పైకి కనిపించే వాలు రెండింటిలో ఒకే వైపు పడుతుంది, వెలుగు ఒకేలా తిరిగి వస్తుంది, మెరుపు పెరుగుతుంది, బట్ట కాస్త మెత్తగా ఉంటుంది. ఏది కావాలో దాన్ని బట్టి ఎంచుకోవచ్చు. తెలియకుండా జరిగిపోతేనే ఇబ్బంది.

టార్క్‌ను కావాలని వాడుకునే నేత కూడా ఉంది. క్రేప్, జార్జెట్ పట్టులో మామూలు పట్టు కన్నా ఎన్నో రెట్లు పురి పెడతారు, పేకలో రెండు పోగులు ఎస్, రెండు పోగులు జెడ్ మార్చి మార్చి వేస్తారు. మగ్గం మీద బట్ట చదునుగానే ఉంటుంది. జిగురు తీయడానికి ఉడకబెట్టగానే దాగిన టార్క్ లేస్తుంది, పోగులు చెరో వైపు మెలిపడతాయి, ఆ గరుకు నలుగుడు వస్తుంది. ఎస్, జెడ్ కలిసిపోకుండా వాటికి ఉతికితే పోయే రంగులు పూసి పంపుతారు. కండెలు చుట్టేటప్పుడు ఆ రంగుల్ని కలపకండి. పోచంపల్లి వైపు వాడే మామూలు పట్టు పేక దీనికి పూర్తిగా వేరు. అందులో అంగుళానికి మూడు నాలుగు పురులే ఉంటాయి. ఇందాక చెప్పిన కండె లెక్కలో ఒక పురి తేడా నూలుకు చిన్నది గానీ, ఈ పట్టుకు నాలుగో వంతు. కండె మారిన చోట బట్టలో మెరుపు గీత పడితే ముందు అనుమానించాల్సింది దాన్నే. పట్టుకు కొస మీదుగా కాకుండా పక్క నుంచి ఊడే ఏర్పాటు మేలు.

చేతిలో ఉన్న లాటుతో ఏం చేయాలంటే, కట్టు కట్టకముందే చిలపలను సోడా, సబ్బు వేసి ఉడకబెట్టండి. ఎలాగూ మీరు చేసే పనే, కాకపోతే ఈసారి ఉడికాక వదులుగా ఆరేయొద్దు. వెదురు కర్రకు తగిలించి, కింద ఇంకో కర్ర పెట్టి, దానికి బరువు కట్టి, నిటారుగా సాగి ఉండగానే పూర్తిగా ఆరనివ్వండి. వేడి, తడి కలిసి పాత బంధాలను విడదీస్తాయి, ఆరేటప్పుడు కొత్త బంధాలు ఈ రూపంలోనే కట్టుకుంటాయి. ఉడకబెట్టకుండా చన్నీళ్లలో తడిపి బరువు కడితే పైకి సరైనట్టు కనిపిస్తుంది గానీ, మళ్లీ తొట్టిలో పడగానే చాలా భాగం తిరిగొస్తుంది. పేక సింగిల్‌కు ఉడకబెట్టే వీలు లేకపోతే ఆవిరి పట్టండి. మిల్లుల్లో గాలి తీసేసిన గదిలో అరవై డిగ్రీల లోపు ఆవిరితో ఇదే పని చేస్తారు. పత్తికి ఇస్త్రీ ముడతలా ఇది శాశ్వతం కాదు, ఉతికితే కొంత తిరిగొస్తుంది. పాలిస్టర్ కలిసిన నూలైతే వేడికి గట్టిగా నిలబడుతుంది. రెండు చిలపలతో చేసి, మళ్లీ పిన్నీసు పరీక్ష తడిగా చేసి చూశాకే మొత్తం లాటుకు పూనుకోండి.

మూలల బెడదకు ఇంకో దారి ఉంది. ఆ 40 సింగిల్‌ను పక్కన పెట్టి, పేకకు కూడా ఈ 2/80 డబుల్‌నే వాడండి. మందం రెండింటిదీ ఇంచుమించు ఒకటే, కాబట్టి డిజైన్ లెక్క మారదు. పడుగు, పేక ఒకే దిక్కు టార్క్ అవుతుంది, మూలలు చాలావరకు అణుగుతాయి. డబుల్ ఖరీదు ఎక్కువే, కానీ నేసిన దుపట్టా వెనక్కి వచ్చేదాని కన్నా తక్కువ.

కొత్త లాటు కొనేటప్పుడు ధర వెనక లెక్క కూడా తెలిసి ఉండాలి. మిల్లులో కదురు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుందనుకోండి. అంగుళానికి 36 పురి కావాలంటే నిమిషానికి వచ్చేది 500 అంగుళాలు, అంటే 12.7 మీటర్లు. పురి 30కి తగ్గిస్తే అదే నిమిషంలో 600 అంగుళాలు. పురి అంటే మిల్లుకు సమయం, కరెంటు, డబ్బు. చవకగా వచ్చే కోన్‌లలో హోజరీ నూలు ఎక్కువగా దొరకడం అందుకే. అది బనియన్లకు మంచి నూలే, పడుగుకు పనికిరాదు, అచ్చులో (పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో) రాసుకుని నూగు లేచి తెగుతుంది. వార్ప్ (పడుగు) కోనా, హోజరీ కోనా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. డబుల్ నూలైతే సింగిల్ పురి ఎంత, పై పురి ఎంత అని రెండూ అడగండి. ఒక్క అంకె మాత్రమే చెప్పేవాళ్ల దగ్గర నేనైతే కొనను. పై పురిని మీరే సరిచూసుకోవచ్చు. ఐదు అంగుళాల ముక్కను ఒక చివర బిగించి, రెండో చివరను జెడ్ వైపు తిప్పుతూ విప్పండి. రెండు సింగిల్స్ మధ్య సూది ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డు లేకుండా జరిగే వేళకు ఎన్ని చుట్లు అయ్యాయో చూడండి. 120 దగ్గర వస్తే అంగుళానికి 24.

మీరు ముందుగా తడి పిన్నీసు పరీక్ష నాలుగు కోన్‌ల మీద చేసి, పొడిగా ఎన్ని చుట్లు, తడిగా ఎన్ని చుట్లు, ఏ వైపు చుట్టుకుందో ఇక్కడే రాయండి. ఐదు అంగుళాల లెక్క కూడా రాస్తే మరీ మంచిది. జెడ్ వైపు చుట్టుకుని, లెక్క 150 దగ్గరగా వస్తే ఆ అంకెలతోనే నూలు అమ్మినాయనతో మాట్లాడవచ్చు. అలా కాకుండా ఎస్ వైపు చుట్టుకుంటే నా అంచనా తప్పు. అప్పుడు పై పురి చాలని నూలు అది, మిగిలిన కోన్‌లను డబ్లింగ్ యూనిట్‌లో ఇంకో నాలుగైదు పురులు ఎక్కించి తెచ్చుకునే వీలుంది. అందాకా ఈ నూలుతో కొత్త పడుగును మాత్రం మగ్గానికి అతకకండి.